ఓవర్‌క్లాక్ చేసిన కంప్యూటర్ ఎప్పుడు ఆగిపోతోందో చూస్తే, ఎందుకు ఆగిపోతోందో తెలుస్తుంది

తయారీదారు పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువ స్పీడ్‌లో భాగాలను నడపడాన్ని ఓవర్‌క్లాక్ చేయడం అంటారు. అలా చేసిన కంప్యూటర్ మొరాయిస్తే చాలామంది మొదట చేసే పని వోల్టేజ్ ఇంకాస్త పెంచడం. అయినా లేవకపోతే మళ్లీ పెంచడం. అసలు తప్పు మెమరీ దగ్గరుంటే ప్రాసెసర్‌కు ఎంత వోల్టేజ్ పోసినా ఫలితం ఉండదు. తప్పు ప్రాసెసర్‌లోనే ఉన్నా, పెంచిన వోల్టేజ్‌తో వేడి పెరిగి పాత సమస్య పక్కన కొత్తది వచ్చి చేరుతుంది. ఇంత గుడ్డిగా వెతకాల్సిన అవసరం నిజానికి లేదు. మెషీన్ ఎప్పుడు ఆగిపోయిందన్నదే పెద్ద ఆధారం. పవర్ బటన్ నొక్కాక తెర వెలగకపోవడం ఒక రకం. విండోస్ లోగో దగ్గర చుక్కలు తిరుగుతూ తిరుగుతూ బిగుసుకుపోవడం ఇంకో రకం. గంటల తరబడి గేమ్ బాగానే నడిచి అప్పుడు మూసుకుపోవడం, ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు తనంతట తానే రీస్టార్ట్ కావడం, ఇవి మళ్లీ వేరు. పైకి అన్నీ ‘కంప్యూటర్ ఆగిపోయింది’ అనే ఒక్క ఫిర్యాదుగానే కనిపిస్తాయి. కానీ వీటి మూలాలు మదర్‌బోర్డ్ మీద వేర్వేరు చోట్ల ఉంటాయి.

ముందు లోపల జరిగేదేమిటో చూద్దాం. ప్రాసెసర్ ప్రతి క్లాక్ సైకిల్‌లోనూ కొంత పని పూర్తి చేయాలి. స్పీడ్ పెంచడమంటే ఆ పనికిచ్చే గడువు తగ్గించడమే. 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక సైకిల్ నిడివి 0.2 నానోసెకన్లు. ఆలోపు సిగ్నల్ చేరాల్సిన చోటికి చేరి కుదురుకోకపోతే 1 ఉండాల్సిన చోట 0 పడుతుంది. వోల్టేజ్ పెంచితే ట్రాన్సిస్టర్లు చురుగ్గా మారతాయి కాబట్టి గడువు అందుతుంది. అయితే దానికి చెల్లించాల్సిన మూల్యం ఎక్కువ. చిప్ వాడే డైనమిక్ పవర్ ఫ్రీక్వెన్సీతో నేరుగా పెరిగితే, వోల్టేజ్‌తో దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 1.20 వోల్టుల దగ్గర 4.5 గిగాహెర్ట్జ్‌లో నడిచే చిప్‌ను 1.35 వోల్టులతో 5 గిగాహెర్ట్జ్‌కు తీసుకెళ్లారనుకుందాం. స్పీడ్ పెరిగింది 11 శాతం. పవర్ పెరిగింది దాదాపు 40 శాతం. ఆ పవరంతా వేడిగా బయటికి రావాలి. వేడెక్కిన చిప్ అదే స్పీడ్‌ను నిలబెట్టుకోవడానికి మరికాస్త వోల్టేజ్ అడుగుతుంది. అలా వోల్టేజ్, వేడి ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి. అందుకే ‘ఇంకాస్త పెంచి చూద్దాం’ అనేది ఎప్పుడూ చివరి ప్రయత్నంగానే ఉండాలి.

తెర వెలగనప్పుడు

పవర్ ఇవ్వగానే బయోస్ (మదర్‌బోర్డ్‌లోనే ఉండి కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రామ్) చేసే సొంత పరీక్షను పోస్ట్ అంటారు. ఓవర్‌క్లాక్ తర్వాత పోస్ట్ దాటలేదంటే మొదట అనుమానించాల్సింది మెమరీని. ప్రాసెసర్ స్పీడ్ ఓ మోస్తరుగా ఎక్కువైనా పోస్ట్ లాంటి తేలికపాటి పనిని సాధారణంగా దాటేస్తుంది. అసలు బరువు పడినప్పుడే అది దొరికిపోతుంది. మెమరీ అలా కాదు. బూట్ అయ్యే ముందే మెమరీ కంట్రోలర్, ర్యామ్ స్టిక్కులు ఒకదానితో ఒకటి సిగ్నల్ సమయాలు సరిచూసుకుంటాయి. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. అది కుదరకపోతే మెషీన్ ముందుకు కదలదు.

ఇక్కడ ఓపిక చాలా అవసరం. డీడీఆర్5 బోర్డుల్లో, ముఖ్యంగా ఏఎండీ ఏఎం5 వేదిక మీద, మొదటి ట్రైనింగ్‌కు కొన్ని నిమిషాలు పట్టడం మామూలే. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. బోర్డు చచ్చిపోయిందేమోనన్న టెన్షన్‌లో మధ్యలో పవర్ తీసేస్తే ట్రైనింగ్ మళ్లీ మొదటికొస్తుంది. మెమరీ సెట్టింగ్ ఏది మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా, ఆ తర్వాతి మొదటి బూట్‌కు కనీసం పది నిమిషాలు వదిలేయడం మంచిది.

ఈలోగా బోర్డు మీది దీపాలను గమనించాలి. ఇప్పటి మదర్‌బోర్డుల్లో చాలావాటికి సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (మెమరీ), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని నాలుగు చిన్న ఎల్ఈడీలుంటాయి. పోస్ట్ సాగుతున్నకొద్దీ ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరిపోతాయి. ఏది ఆరకుండా ఉండిపోయిందో ఆటంకం అక్కడే ఉంది. ఖరీదైన బోర్డుల మీద రెండంకెల కోడ్ చూపించే చిన్న తెర ఉంటుంది. ఆ కోడ్‌ల అర్థం బోర్డును బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్ దగ్గర పెట్టుకునే చదవాలి. డీర్యామ్ దీపం దగ్గరే ఆగి, ఫ్యాన్లు తిరిగి, ఆగి, మళ్లీ తిరుగుతున్నాయంటే ట్రైనింగ్ విఫలమై బోర్డు మళ్లీ ప్రయత్నిస్తోందని అర్థం. చాలా బోర్డులు అలా కొన్నిసార్లు ప్రయత్నించి, చివరికి సురక్షితమైన సెట్టింగ్‌లతో లేచి, ఓవర్‌క్లాకింగ్ విఫలమైందని తెర మీద చెబుతాయి.

అలా తనంతట తాను లేవకపోతే సీమాస్ క్లియర్ చేయాలి, అంటే బయోస్ దాచుకున్న సెట్టింగ్‌లను చెరిపేయాలి. పవర్ సప్లై స్విచ్ ఆపి, గోడకున్న ప్లగ్ పీకేయాలి. తర్వాత కేస్ మీది పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే కెపాసిటర్లలో మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. ఆపైన మాన్యువల్‌లో చూపించిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతోనో జంపర్‌తోనో పది సెకన్ల పాటు కలిపి ఉంచాలి. ఆ పిన్నులు దొరక్కపోతే సీఆర్2032 బ్యాటరీని తీసి, కొద్ది నిమిషాలాగి తిరిగి పెట్టినా సరిపోతుంది. అప్పటికీ లేవకపోతే ఒక్క ర్యామ్ స్టిక్కునే ఉంచి చూడాలి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో దాన్ని పెట్టాల్సింది సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో. రెండు స్టిక్కులుంటే రెండోది, నాలుగోది. చాలా బోర్డుల్లో వైరింగ్ ఆ స్లాట్లకు అనుకూలంగా ఉంటుంది. స్టిక్కులను తప్పు స్లాట్లలో పెట్టి, స్పీడ్ అందడం లేదని రోజుల తరబడి టైమింగ్‌లతో (మెమరీ ఒక్కో పనికి తీసుకునే క్లాక్ సైకిళ్ల లెక్కలతో) కుస్తీ పట్టేవాళ్లు తక్కువేమీ కాదు.

సీమాస్ క్లియర్ చేశాక ఎదురయ్యే ఇంకో చిక్కు గురించి ఎవరూ పెద్దగా హెచ్చరించరు. మెషీన్ లేస్తుంది, బయోస్ వస్తుంది, విండోస్ మాత్రం రాదు. బూట్ డివైస్ అందుబాటులో లేదంటూ నీలి తెర పడుతుంది, లేదా అసలు డ్రైవే కనిపించదు. వెంటనే ఓవర్‌క్లాక్ వల్ల డిస్క్ పాడైపోయిందని నిర్ణయించుకుని విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధపడతారు. చాలాసార్లు డిస్క్‌కు ఏమీ అయి ఉండదు. సీమాస్ క్లియర్ చేసినప్పుడు ఓవర్‌క్లాక్‌తో పాటు మిగతా సెట్టింగ్‌లన్నీ కూడా ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోయాయి. విండోస్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు స్టోరేజ్ రెయిడ్ మోడ్‌లోనో ఇంటెల్ వీఎండీ కిందో ఉండి, ఇప్పుడది ఏహెచ్‌సీఐకి (ఇవన్నీ బోర్డు డిస్క్‌లతో మాట్లాడే వేర్వేరు పద్ధతులు) మారితే విండోస్ తన డ్రైవ్‌ను తానే గుర్తుపట్టదు. పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్ అయితే సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ కానిచ్చే సెట్టింగ్) ఆఫ్ కావడం వల్ల బూట్ జాబితాలోంచి మాయమవుతుంది. ఆ ఒక్క సెట్టింగ్‌ను పాత స్థితికి తెస్తే అంతా యథాప్రకారం నడుస్తుంది.

బిట్‌లాకర్ (డిస్క్‌ను తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉన్న కంప్యూటర్లకు ఇంకో జాగ్రత్త కావాలి. బయోస్ సెట్టింగ్‌లు మారినా, ప్రాసెసర్‌లో ఆ తాళంచెవులను దాచే టీపీఎం రీసెట్ అయినా విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ ఎక్కడుందో తెలియకుండా ఓవర్‌క్లాకింగ్‌కు దిగకూడదు. బయోస్‌లో చెయ్యి పెట్టే ముందే ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత పడే తంటాలు చాలా తగ్గుతాయి.

పొద్దున మొరాయించి, రీస్టార్ట్‌తో సర్దుకుంటే

రాత్రంతా ఆపి ఉంచిన మెషీన్ పొద్దున మొదటి ప్రయత్నంలో లేవదు. రెండోసారికి లేస్తుంది. లేచాక రోజంతా బాగానే పనిచేస్తుంది. ఈ లక్షణం దాదాపు ఎప్పుడూ మెమరీ వైపే చూపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు జరిగే ట్రైనింగ్‌కూ, వేడిగా ఉన్నప్పుడు జరిగే దానికీ ఫలితంలో కొద్ది తేడా ఉంటుంది. సెట్టింగ్‌లు అంచు మీద ఉంటే ఆ కొద్ది తేడాయే దాన్ని అటో ఇటో తోసేస్తుంది. స్లీప్ నుంచి లేవకపోవడమూ ఈ కోవలోకే వస్తుంది. కాబట్టి ఓవర్‌క్లాక్‌ను పరీక్షించేటప్పుడు రీస్టార్ట్‌లు మాత్రమే చేసి సరిపెట్టుకోకూడదు. పూర్తిగా ఆపి, ప్లగ్ తీసి, చల్లారనిచ్చి మళ్లీ వేసి చూడాలి. స్లీప్‌లో పెట్టి లేపి చూడాలి.

ఏఎం5 బోర్డుల్లో మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ అనే సెట్టింగ్ ఉంటుంది. ఒకసారి చేసిన ట్రైనింగ్ ఫలితాన్ని దాచుకుని తర్వాతి బూట్‌లకు అదే వాడుతుంది. బూట్ వేగంగా అవుతుంది, కానీ మెమరీ అంచు మీద ఉన్నప్పుడు పాత ఫలితం ఇవాళ్టి పరిస్థితికి సరిపోక క్రాష్‌లు రావచ్చు. సమస్య వెతుకుతున్నన్నాళ్లూ దాన్ని ఆఫ్‌లో ఉంచడమే సరైన పద్ధతి. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను కూడా ఆ రోజులకు ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నల్ (విండోస్ మూల భాగం) స్థితి డిస్క్ మీదికెక్కి, మళ్లీ ఆన్ చేయగానే అదే తిరిగి మెమరీలోకొస్తుంది. మెమరీ తప్పు వల్ల అందులో ఏదైనా చెడిపోయి ఉంటే, ఆ చెడు కూడా వెనకాలే వస్తుంది.

ఎక్స్‌ఎంపీ కూడా ఓవర్‌క్లాకే

ప్రాసెసర్‌ను ముట్టుకోలేదు, ఎక్స్‌ఎంపీ మాత్రమే ఆన్ చేశామంటారు చాలామంది. ర్యామ్ స్టిక్కులోనే తయారీదారు రాసిపెట్టిన ఎక్కువ స్పీడ్ సెట్టింగ్‌ల కట్ట అది. ఏఎండీ వైపు దాన్ని ఎక్స్‌పో అంటారు. అదీ ఓవర్‌క్లాకే. డీడీఆర్4కు ప్రమాణ వోల్టేజ్ 1.2 వోల్టులు, ప్రమాణ స్పీడ్ గరిష్ఠంగా 3200 (సెకనుకు మిలియన్ల లెక్కన డేటా బదిలీలు). బజారులో దొరికే 3600 కిట్లు 1.35 వోల్టుల దగ్గర నడిచేలా అమ్ముతారు. డీడీఆర్5కు ప్రమాణం 1.1 వోల్టులైతే ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో కిట్లు తరచూ 1.25 నుంచి 1.4 దాకా అడుగుతాయి. స్టిక్ మీద 6000 అని ముద్రించి ఉందంటే ఆ స్టిక్ అంత స్పీడ్‌కు తట్టుకుంటుందని తయారీదారు పరీక్షించాడని మాత్రమే అర్థం. మెమరీ కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్ లోపల. దాని గురించి ర్యామ్ తయారీదారు హామీ ఇవ్వలేడు. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ అధికారికంగా చెప్పిన మెమరీ స్పీడ్ రెండు స్టిక్కులతో 5200. నాలుగు స్టిక్కులు పెడితే అది 3600కు పడిపోతుంది. ఒకే కిట్ ఒక మెషీన్‌లో హాయిగా నడిచి, ఇంకో మెషీన్‌లో బూట్ కూడా కాకపోవడానికి కారణం ఇదే. రెండు వేర్వేరు కిట్లను కలిపి నాలుగు స్లాట్లూ నింపి, ఎక్స్‌పో ఆన్ చేసి, స్టిక్కులు చెడిపోయాయని వాపసు పంపడం న్యాయం కాదు.

ఒక ఉదాహరణను కాస్త దగ్గరగా చూద్దాం. రైజెన్ 7000, రెండు డీడీఆర్5-6000 స్టిక్కులు. ఎక్స్‌పో ఆన్ చేస్తే బూట్ అవుతుంది, కానీ రెండు రోజులకోసారి బ్రౌజర్ ట్యాబ్ కూలిపోతుంది, ఎప్పుడో ఒకసారి నీలి తెర. ఎక్స్‌పో ఆపి రెండు మూడు రోజులు వాడితే ఏ క్రాష్ లేదు. అంటే చెడిపోయిన భాగమేదీ లేదు, సమస్య అంచు దగ్గరే ఉంది. ఇప్పుడు ఎక్స్‌పో టైమింగ్‌లు, వోల్టేజ్‌లు అలాగే ఉంచి స్పీడ్ ఒక్కటే 5600కు తగ్గించాలి. అక్కడ పరీక్షలో ఒక్క తప్పూ రాకపోతే, 6000 దగ్గర కంట్రోలర్‌కు సరిపడా ఊతం లేదన్న అనుమానం బలపడుతుంది. తిరిగి 6000 పెట్టి, ఈసారి ఎస్ఓసీ వోల్టేజ్‌ను (మెమరీ కంట్రోలర్ ఉండే భాగానికి అందే వోల్టేజ్‌ను) చిన్న చిన్న మెట్లుగా మార్చి ఒక్కో మెట్టు దగ్గరా పరీక్షించాలి. దీనికి పైహద్దు ఉంది. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు సాకెట్‌లోనే కాలిపోయిన ఘటనలు బయటికొచ్చాక ఏఎండీ ఎస్ఓసీ వోల్టేజ్‌ను 1.3 వోల్టులకు పరిమితం చేస్తూ కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చింది. అంతకు ముందరి బయోస్ ఇంకా నడుస్తున్న బోర్డు ఉంటే ముందు దాన్ని అప్‌డేట్ చేయాలి, ఓవర్‌క్లాక్ సంగతి తర్వాత. అప్‌డేట్ కూడా సెట్టింగ్‌లన్నీ డిఫాల్ట్‌కు తెచ్చాకే చేయాలి. తప్పులు చేస్తున్న మెమరీ మీదుగా బయోస్ రాయడం కంటే పెద్ద సాహసం లేదు.

ఈ ఉదాహరణలో ఒక్కసారి కూడా రెండు విలువలు కలిపి మార్చలేదు. ఓవర్‌క్లాక్ సమస్యలు పరిష్కారం కాక వారాల తరబడి సాగడానికి ప్రధాన కారణం నాలుగు సెట్టింగ్‌లు ఒకేసారి మార్చడమే. బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలియదు, చెడితే దేనివల్ల చెడిందో తెలియదు.

డీడీఆర్5 విషయంలో మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఈ చిప్‌ల లోపలే చిన్న తప్పులను సరిచేసుకునే ఏర్పాటు ఉంది. అది చిప్‌లో నిల్వ ఉన్న బిట్లను మాత్రమే కాపాడుతుంది, స్టిక్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిని కాదు. కొన్ని తప్పులను అది నిశ్శబ్దంగా దిద్దేస్తుంది కాబట్టి డీడీఆర్4 రోజుల్లో గంటలో బయటపడే అస్థిరత ఇప్పుడు బయటపడటానికి ఎక్కువసేపు పట్టవచ్చు. మెమరీ పరీక్షను అందుకే ఇంకా ఎక్కువసేపు నడపాలి. మెమ్‌టెస్ట్86 లాంటివి విండోస్ లేకుండా యూఎస్‌బీ నుంచే నడుస్తాయి కనుక మొదటి పరీక్ష వాటితోనే చేయడం క్షేమం. మెమరీ పరీక్షలో ‘ఒక్క తప్పే కదా’ అనేది ఉండదు. ఒక్కటి వచ్చినా ఆ సెట్టింగ్ తప్పినట్టే.

బరువు పడితే పోయేవి, ఖాళీగా ఉంటే పోయేవి

విండోస్‌లోకి వెళ్లాక వచ్చే క్రాష్‌లు కొంత సమాచారం వదిలిపోతాయి. ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే చాలామంది కళ్లు మొదట కెర్నల్-పవర్ 41 మీద పడతాయి. దాన్నే కారణం అనుకుని పవర్ సప్లై మార్చేసేవాళ్లున్నారు. అది చెప్పేది ఒక్కటే, కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని. కారణం దానికీ తెలియదు. చూడాల్సింది వియా-లాగర్ పేరుతో ఉన్న ఎంట్రీలను. హార్డ్‌వేర్ తానే గుర్తించి చెప్పిన తప్పులవి. 18వ నంబర్ ఎంట్రీ అంటే సరిదిద్దలేని తప్పు, 19 అంటే సరిదిద్దిన తప్పు. రైజెన్‌లో క్రాష్‌లేవీ లేకపోయినా 19వ నంబర్ ఎంట్రీలు వరసగా పడుతుంటే చిప్ లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ క్లాక్ ఎక్కువైందేమో చూడాలి.

నీలి తెర మీది పేర్లు కూడా కొంత దారి చూపిస్తాయి. క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్ అంటే ఒక కోర్ జవాబివ్వడం మానేసింది. ఓవర్‌క్లాక్ చేసిన మెషీన్‌లో దీనర్థం తరచూ కోర్‌కు వోల్టేజ్ చాలడం లేదనే. వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్ కూడా ఎక్కువగా ఆ వైపే. మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్, ఐఆర్‌క్యూఎల్ పేర్లు మారుతూ ఒక్కోసారి ఒక్కోటి వస్తుంటే మెమరీని అనుమానించాలి. ఒకే డ్రైవర్ పేరుతో ఒకే తప్పు మళ్లీ మళ్లీ వస్తే అది సాఫ్ట్‌వేర్ సమస్య కావచ్చు. రోజుకో పేరుతో వచ్చే క్రాష్‌ల వెనక ఎక్కువగా హార్డ్‌వేరే ఉంటుంది.

బరువు పడగానే పోయే మెషీన్ల దగ్గర తెలుసుకోవాల్సింది వోల్టేజ్ కుంగుబాటు. బయోస్‌లో 1.35 వోల్టులు పెట్టారనుకుందాం. ఖాళీగా ఉన్నప్పుడు 1.34 కనిపిస్తుంది. అన్ని కోర్ల మీదా పని పడగానే 1.27కు జారుతుంది. కరెంటు ఎక్కువ లాగినప్పుడు వోల్టేజ్ ఇలా కొంత కుంగడం లోపం కాదు, డిజైన్‌లో భాగమే. కానీ ఆ స్పీడ్‌కు చిప్ అడిగేది 1.30 అయితే సరిగ్గా ఆ క్షణంలోనే కూలిపోతుంది. దీనికి లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్ అనే సెట్టింగ్ ఉంది. పెంచితే కుంగుబాటు తగ్గుతుంది. చిట్టచివరి మెట్టుకు పెంచితే మాత్రం ఇంకో ప్రమాదం ఎదురవుతుంది. పని ఒక్కసారిగా ఆగినప్పుడు వోల్టేజ్ క్షణకాలం పెట్టినదాని కంటే పైకి ఎగురుతుంది. అది మైక్రోసెకన్ల వ్యవహారం కనుక తెర మీది సాఫ్ట్‌వేర్ మీటర్లకు కనిపించదు. చిప్‌కు మాత్రం ప్రతిసారీ తగులుతుంది. లోడ్‌లైన్‌ను మధ్యస్థంగా ఉంచి, మిగతా కొరతను స్పీడ్ 100 మెగాహెర్ట్జ్ తగ్గించి తీర్చుకోవడం చాలా తెలివైన పని. ఆ 100 మెగాహెర్ట్జ్ తేడా వాడేటప్పుడు తెలియదు.

పరీక్ష ఎంపిక కూడా ముఖ్యమే. 1996లో మొదలైన మెర్సేన్ ప్రధాన సంఖ్యల అన్వేషణ కోసం పుట్టిన ప్రైమ్95 తన లెక్కను తానే సరిచూసుకుంటుంది. కంప్యూటర్ క్రాష్ కాకపోయినా లెక్క తప్పితే చెప్పేస్తుంది. దాని విలువంతా అక్కడే ఉంది. స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ పరీక్ష ప్రాసెసర్ లోపలి క్యాష్‌లోనే తిరుగుతూ కోర్లను, కూలర్‌ను, వీఆర్ఎమ్‌ను (ప్రాసెసర్‌కు వోల్టేజ్ అందించే బోర్డు మీది సర్క్యూట్‌ను) గట్టిగా పరీక్షిస్తుంది. బ్లెండ్ మెమరీని కూడా కలుపుకుంటుంది. ఏవీఎక్స్ ఆదేశాలు (ఒకేసారి చాలా అంకెల మీద లెక్కచేసే బరువైన ఆదేశాలు) ఆన్ చేస్తే కరెంటు, వేడి బాగా పెరుగుతాయి. అరగంట బెంచ్‌మార్క్ దాటినంత మాత్రాన మెషీన్ కుదురుగా ఉన్నట్టు కాదు.

ఇప్పుడు అన్నింటికంటే అయోమయంలో పడేసే రకం. ప్రైమ్95 రాత్రంతా నడిచింది, పొద్దున డెస్క్‌టాప్ మీద ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అయింది. ఇదెలా సాధ్యం? ఇప్పటి ప్రాసెసర్లు అన్ని కోర్ల మీదా బరువున్నప్పుడు స్పీడ్ తగ్గించుకుంటాయి. ఒకటి రెండు కోర్ల మీద తేలిక పని పడినప్పుడే అత్యధిక స్పీడ్‌కు ఎగబాకుతాయి. రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్‌తో వోల్టేజ్ తగ్గించినవాళ్లకు దెబ్బ తగిలేది సరిగ్గా ఆ శిఖరం దగ్గర. అన్ని కోర్లను కలిపి చేసే పరీక్ష ఆ స్పీడ్‌ను అందుకోదు కాబట్టి తప్పును పట్టుకోలేదు. ఒక్కో కోర్‌ను విడిగా, పూర్తి బూస్ట్‌లో పరీక్షించాలి. కోర్‌సైక్లర్ లాంటి సాధనాలు ఆ పనే చేస్తాయి. ఏ కోర్ తప్పిందో తెలిస్తే దాని ఒక్కదాని ఆఫ్‌సెట్‌ను, అంటే వోల్టేజ్ కోతను, తగ్గిస్తే చాలు, మిగతావాటి జోలికి పోనక్కర్లేదు. సాధారణంగా తయారీలో అత్యుత్తమంగా గుర్తించిన కోర్లే ముందుగా తప్పుతాయి. వాటిని చిప్ అప్పటికే అంచు దాకా వాడుకుంటూ ఉంటుంది.

గేమ్‌లలో మాత్రమే, అదీ గంట దాటాక వచ్చే క్రాష్‌లు వేడికి సంబంధించినవై ఉండే అవకాశం ఎక్కువ. ప్రాసెసర్ ఉష్ణోగ్రత బాగానే ఉంది కదా అని వదిలేస్తారు. వేడెక్కేది ర్యామ్. గ్రాఫిక్స్ కార్డ్ వదిలే వేడిగాలి నేరుగా పైకి, మెమరీ స్టిక్కుల మీదికి పోతుంది. ప్రాసెసర్‌ను, మెమరీని విడిగా పరీక్షించినప్పుడు ఆ వేడి లేదు కాబట్టి అన్నీ పాసయ్యాయి. మెమరీలో ఒక్కో సెల్ చిన్న కెపాసిటర్. వేడి పెరిగేకొద్దీ దానిలోని ఛార్జ్ త్వరగా కారిపోతుంది. ఆ ఛార్జ్‌ను మళ్లీ నింపడాన్ని రిఫ్రెష్ అంటారు. రిఫ్రెష్ వ్యవధిని బాగా సాగదీసి ట్యూన్ చేసిన మెమరీకి ఇదే ఎసరు పెడుతుంది. కేస్ పక్క పలక తీసి, స్టిక్కుల వైపు ఒక ఫ్యాన్ తిప్పి అదే గేమ్ నడిపితే నిమిషాల్లో నిజం తేలిపోతుంది. క్రాష్‌లు ఆగితే రిఫ్రెష్ వ్యవధి తగ్గించాలి, లేదా గాలి దారి మార్చాలి.

గ్రాఫిక్స్ కార్డ్ ఓవర్‌క్లాక్ కొంత దయగలది. అది తప్పినా సాధారణంగా మెషీన్ బూట్ ఆగదు. రెండు సెకన్లపాటు జవాబు రాకపోతే విండోస్ డ్రైవర్‌ను తిరిగి మొదలుపెడుతుంది. తెర మీద చుక్కలు, మెరుపులు కనిపిస్తే మెమరీ క్లాక్ తగ్గించాలి. గమనించాల్సింది ఇంకొకటుంది. కార్డ్ మెమరీ క్లాక్ పెంచుతూ పోయినప్పుడు క్రాష్ లేకుండానే స్కోర్ తగ్గడం మొదలైతే, అక్కడ తప్పులు దొర్లి డేటా మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తోందని అర్థం. అంకె పెరుగుతోంది, పని తగ్గుతోంది.

నీలి తెర లేకుండా, ఏ సూచనా లేకుండా, కరెంటు పోయినట్టు టక్కున ఆరిపోతే పవర్ సప్లై రక్షణ వ్యవస్థను, వీఆర్ఎమ్ వేడిని, కేబుల్ కనెక్టర్లను చూడాలి. అక్కడ బయోస్ విలువలతో పెద్దగా పనిలేదు.

కనిపించని నష్టం

క్రాష్ అయ్యే మెషీన్ తన తప్పును బయటపెడుతుంది. క్రాష్ కాకుండా తప్పు లెక్కలు చేసే మెషీన్ అంతకన్నా ప్రమాదకరం. మెమరీలో తారుమారైన ఒక్క బిట్ ఫొటో ఫైల్‌లో పడితే చిత్రం సగం చెడుతుంది. ఫైల్ సిస్టమ్ నిర్మాణంలో పడితే ఫోల్డరే పోతుంది. ఆ చెడిన ఫైల్ బ్యాకప్‌లోకీ ఎక్కుతుంది. అందుకే కొత్త ఓవర్‌క్లాక్ పరీక్ష పూర్తయ్యేదాకా విండోస్ ఇన్‌స్టాల్ చేయడం, పెద్ద అప్‌డేట్‌లు వేయడం, ముఖ్యమైన ఫైళ్లను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడం మానుకోవాలి. అస్థిరంగా కొన్ని రోజులు నడిచిన మెషీన్‌ను డిఫాల్ట్‌కు తెచ్చాక కూడా క్రాష్‌లు వస్తుంటే, హార్డ్‌వేర్‌ను తిట్టుకునే ముందు సిస్టమ్ ఫైళ్లను విండోస్‌లోనే ఉండే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌తో సరిచూడాలి. పాత తప్పుల శిథిలాలే కొత్త తప్పులుగా కనిపించడం మామూలే.

డిఫాల్ట్‌లో, ఫైళ్లు సరిచేశాక, మెమరీ పరీక్ష పాసయ్యాక కూడా మెషీన్ కూలుతోందంటే అది ఓవర్‌క్లాక్ సమస్య పరిధి దాటింది. చిప్ అరిగిపోయి ఉండవచ్చు. దీనికి ఇటీవలి పెద్ద ఉదాహరణ ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు. ఓవర్‌క్లాక్ చేయని మెషీన్లలో కూడా గేమ్‌లు వీడియో మెమరీ చాలదంటూ ఆగిపోయేవి. ఆ సందేశం చదివి ఎంతోమంది గ్రాఫిక్స్ కార్డ్‌ను అనుమానించారు. తప్పు ప్రాసెసర్‌లో ఉంది. అవసరానికి మించిన వోల్టేజ్, వేడి వల్ల కోర్‌లోని క్లాక్ సర్క్యూట్ అరిగి, అదే స్పీడ్‌కు కావాల్సిన కనీస వోల్టేజ్ పైకి జరిగిపోయిందని ఇంటెల్ 2024లో తేల్చింది. మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఫర్మ్‌వేర్) సవరణలు ఇచ్చింది, వారంటీని 2 ఏళ్లు పొడిగించింది. ఆ సవరణలు జరగబోయే అరుగుదలను తగ్గిస్తాయి గానీ, అప్పటికే అరిగిన చిప్‌ను బాగుచేయలేవు.

చేతులారా వోల్టేజ్ పెంచి నడిపే చిప్‌లోనూ ఇదే తరహా అరుగుదల సాగుతుంది. నిరుడు ఇదే సెట్టింగ్‌లతో కుదురుగా ఉన్న మెషీన్ ఈ ఏడాది అదే పనికి కూలుతుంటే, దుమ్ము, ఎండిన థర్మల్ పేస్ట్ లాంటివి సరిచూశాక, ఈ అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు స్పీడ్ ఒక మెట్టు దించి, వోల్టేజ్ కూడా దించి, కోర్ పరీక్షలు మళ్లీ మొదటి నుంచి నడపాలి. డిఫాల్ట్‌లోనే వియా-లాగర్ ఎంట్రీలు పడుతున్నాయంటే ఆ ఎంట్రీలను సేవ్ చేసుకుని, బయోస్‌ను తాజా వెర్షన్‌కు తెచ్చి, తేదీలతో సహా రాసుకున్న పరీక్షా ఫలితాలతో వారంటీకి వెళ్లాలి. డిఫాల్ట్‌లో వచ్చిన తప్పులని స్పష్టంగా చూపించగలిగితే అక్కడ పని చాలా సులువవుతుంది.